ఎండ, పొగ, ఉప్పు: మన ఒరుగుల చరిత్ర



ఈ సంచికలో మన పోరాటాల గురించి, వేలుపుల గురించి, భాష గురించి పెద్దలు రాస్తున్నారు. మేము మన పొయ్యి మీద వేలాడిన దాని గురించి రాస్తున్నాం. ఎండబెట్టిన మాంసం. కొందరు ఒరుగులు అంటారు, కొందరు తునకలు అంటారు, కొందరు ఎండుకండ అంటారు. ఇందులో చరిత్ర ఏముంది అని మీకు అనిపించవచ్చు. మాకూ ఒకప్పుడు అలాగే అనిపించింది.

మేము గోదావరి, శబరి ఒడ్డు గూడేల్లో పుట్టిన వాళ్ళం. ఎక్కువమందిమి కోయలం, కొండరెడ్లతో కలిసి పెరిగినవాళ్ళం. చదువుకోసం హాస్టళ్ళకు పోయిన మొదటి తరం మాదే. సెలవులు అయిపోయి తిరిగి వెళ్ళేటప్పుడు అమ్మలు మా రేకు పెట్టెల్లో బట్టల కింద ఒక మూట పెట్టేవారు. అందులో నాలుగు గుప్పెళ్ళ ఒరుగులు. హాస్టల్లో పెట్టె తెరవగానే వాసన వచ్చేది. పక్క మంచం పిల్లలు ముక్కు మూసుకునేవారు. "మీరు ఇవి తింటారా?" అని నవ్వేవారు. ఒక రాత్రి మాలో కొందరం ఆ మూటను హాస్టల్ వెనక ముళ్ళపొదల్లో పారేశాం. దసరాకు ఇంటికి వెళ్తే అమ్మ అడిగింది, "తిన్నారా బిడ్డా?" అని. "తిన్నాం" అని అబద్ధం చెప్పాం.

ఆ మూట వెనక ఎంత పని ఉందో అప్పుడు మాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. మా గూడేల్లో పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఏ కర్ర పొగ మంచిదో, ఏ మాసంలో ఆరబెట్టాలో, ఎండిందని ఎలా తెలుసుకోవాలో చెప్పే అవ్వలు మిగిలింది కొద్దిమందే. వాళ్ళ దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నదీ, పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నదీ కలిపి ఇక్కడ మీకు చెబుతున్నాం.

ఇది పేదల తిండేనా?

ఎండు మాంసం అంటే గతిలేనివాళ్ళ తిండి అని ఒక మాట ప్రచారంలో ఉంది. ముందు ఆ మాట సంగతి చూద్దాం.

సంస్కృతంలో ఎండిన మాంసానికి 'వల్లూరం' అని ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. అమరకోశంలో ఆ మాట ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం కోటలో ఏళ్ళ తరబడి సరిపోయేలా ఏమేమి నిల్వ ఉంచాలో ఒక పట్టిక చెబుతుంది. నూనెలు, ధాన్యం, ఉప్పు, మందులు, ఎండు కూరలతో పాటు అందులో వల్లూరం కూడా ఉంది. అంటే రాజుల కోటల్లో కూడా కష్టకాలానికి దాచిపెట్టిన తిండి ఇది. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాల్లో ఉప్పుకండలు అంటే ఇప్పటికీ చుట్టాలు వచ్చినప్పుడు వేయించి పెట్టే వంట. తెలంగాణ పల్లెల్లో, ముఖ్యంగా దళిత వాడల్లో, తునకలు అంటే తరతరాల రుచి. వాళ్ళూ మనలాగే ఆ వాసనకు అవమానపడ్డారు, ఇప్పుడు మనలాగే దాని గురించి తలెత్తి మాట్లాడుతున్నారు.

ప్రపంచంలో చాలామంది మూలవాసులకు ఈ విద్య ఉంది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద క్వెచువా భాష మాట్లాడే జనం ఎండు మాంసాన్ని 'చార్కి' అంటారు. ఇప్పుడు సూపర్ మార్కెట్లలో ప్యాకెట్లలో ఖరీదుగా అమ్మే 'జెర్కీ' అనే పేరు ఆ మాట నుంచే పుట్టింది. ఉత్తర అమెరికాలో క్రీ జాతి వారు ఎండిన అడవిదున్న మాంసాన్ని దంచి, కరిగించిన కొవ్వు కలిపి 'పెమ్మికన్' చేసేవారు. మన పక్కనే నేపాల్లో 'సుకుటి' ఉంది. నాగా కొండల్లో పొయ్యి మీద పొగబెట్టిన పంది మాంసం లేని ఇల్లు అరుదు. మన అవ్వలకు ఈ పేర్లేవీ తెలియవు. చేసిన పని మాత్రం అదే.

ఎండాకాలం వేట, వానాకాలం కూడు

ఒరుగులు మన ఇళ్ళలో ఎందుకు ఉండేవో తెలియాలంటే మన సంవత్సరం ఎలా నడిచేదో తెలియాలి.

పంటలు చేతికొచ్చే కాలంలో గంపలు నిండుగా ఉంటాయి. సంక్రాంతి దాటాక మెల్లగా ఖాళీ అవుతాయి. వేసవిలో అడవి ఆదుకుంటుంది. ఇప్పపువ్వు రాలుతుంది, తునికి పండ్లు, మోరి పండ్లు, మామిడి వస్తాయి. అసలు కష్టం వానలు పడ్డాక మొదలవుతుంది. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా పొలంలో, పోడులో పని ఎక్కువ, ఇంట్లో గింజ తక్కువ. వాగులు పొంగితే సంతకు దారి కూడా ఉండదు. ఆ మూడు నెలలూ గట్టెక్కడానికి మన పెద్దలు వేసవి ఎండను వాడుకున్నారు. ఇప్పపూలు ఎండబెట్టారు. మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడిని ఎండబెట్టి పిండి చేశారు. కొండరెడ్లు జీలుగు చెట్టు మానులోని పిండిని తీసి దాచారు. చేపలు ఎండబెట్టారు. ఆ వరసలోదే మాంసం ఒరుగు.

మన పెద్ద వేట కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. కోయల విజ్జ పండుమ్, అంటే విత్తనాల పండుగ, వేసవిలో వానలకు ముందు జరుగుతుంది. విశాఖ, తూర్పు గోదావరి మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగ కూడా ఆ కాలానిదే. విత్తనాన్ని వేలుపు ముందు పెట్టి, మగవాళ్ళంతా కలిసి వేటకు బయలుదేరేవారు. ఎండాకాలంలోనే ఎందుకు అని అడిగితే ఒక ముసలి తాత మాతో ఇలా అన్నాడు: "ఆకు రాలితే అడవి కనబడుతుంది. మడుగులు ఎండితే జంతువు ఎక్కడ నీళ్ళు తాగుతుందో తెలుస్తుంది. తెచ్చిన కండ ఎండడానికి ఎండ ఉంటుంది. వానల్లో వేటాడితే కుళ్ళబెట్టుకోవడమే కదా." పండుగ, వేట, ఎండ, ఆకలి నెలలు, అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

తెచ్చిన మాంసం ఒక ఇంటిది కాదు. బాణం తగిలించినవాడికి ఒక ప్రత్యేక భాగం ఉండేది. మిగిలింది అదిలించినవాళ్ళకూ, కుక్కను తెచ్చినవాళ్ళకూ, గూడెంలో ఉన్నవాళ్ళకూ కుప్పలు వేసి పంచేవారు. మగదిక్కు లేని ఇంటికి, నడవలేని ముసలివాళ్ళకు కూడా ఒక కుప్ప ఉండేది. ఏ గట్టువాళ్ళు ఏ జంతువును ముట్టకూడదో ఆ కట్టుబాటూ ఉండేది. ఇలా పంచుకున్నాక ఎవరి వాటా వారు ఒకటి రెండు పూటలు పచ్చిగా వండుకుని, మిగిలింది ఒరుగు చేసేవారు. అందువల్ల శ్రావణంలో గూడెంలో ఏ ఇంట్లో చూసినా అటక మీద కొద్దో గొప్పో ఉండేది. షావుకారు దగ్గరికి గింజల అప్పుకు పోవడం కొన్ని రోజులైనా వెనక్కు జరిగేది.

అవ్వలు చేసిన తీరు

మా అవ్వలు చెప్పిన పద్ధతి ఇది. ఒక్కో గూడెంలో కొంచెం తేడా ఉంటుంది.

ముందు కొవ్వు అంతా తీసేయాలి. కొవ్వు ఎండదు, కొన్ని రోజులకే కమురు వాసన కొడుతుంది. అందుకే తొడ, వీపు కండ మేలు. కండలో నారలు ఎటు పోతున్నాయో చూసి, వాటి వెంటే నిలువుగా చిటికెన వేలు మందాన పొడుగాటి పోగులు కోయాలి. అడ్డంగా కోస్తే ఎండాక పొడి పొడి అయి దండెం మీది నుంచి రాలిపోతుంది. ఉప్పు, పసుపు పట్టించి ఒక రాత్రి కుండలో ఉంచాలి. ఉప్పు కండలోని నీళ్ళను బయటికి లాగుతుంది. తెల్లారి ఆ నీళ్ళు పారబోసి, పోగులను వెదురు పుల్లలకు గుచ్చి గానీ తాడు మీద గానీ ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయాలి.

పగలంతా ఎండ. పొద్దుగూకగానే లోపలికి తెచ్చి పొయ్యి మీద అటక కింద దండేనికి వేయాలి. మన పాత ఇళ్ళలో పొయ్యి ఎప్పుడూ పూర్తిగా ఆరదు. రాత్రి సన్నగా పొగ వస్తూనే ఉంటుంది. ఆ పొగ ఈగలను, పురుగులను దగ్గరికి రానివ్వదు, మాంసానికి పైన ఒక పొరలా పట్టి పాడవకుండా చూస్తుంది. చింత, మద్ది, నేరేడు వంటి గట్టి కర్ర మంచిదంటారు. ముష్టి కర్ర విషం కాబట్టి వంట పొయ్యిలోనే పెట్టకూడదు.

మంచి ఎండలో మూడు నాలుగు రోజులు పడుతుంది. వంచితే రబ్బరులా వంగితే ఇంకా తడి ఉన్నట్టు. చిటుక్కుమని పగులు పట్టి, లోపల ముదురు ఎరుపు కనిపిస్తే ఎండినట్టు. కొవ్వులేని పచ్చి మాంసంలో బరువు లెక్కన నాలుగింట మూడు వంతులు దాకా నీళ్ళే ఉంటాయి. అందుకే కిలో కండ ఎండాక సుమారు 300 నుంచి 350 గ్రాములు మాత్రమే అవుతుంది. నీళ్ళు లేని చోట కుళ్ళబెట్టే క్రిములు పెరగలేవు. ఒరుగు చేయడంలో ఉన్న సూత్రమంతా ఇదే.

ఎండినవాటిని సొరకాయ బుర్రలో గానీ, మూతిని గుడ్డతో కట్టిన కుండలో గానీ పెట్టేవారు. వానల మధ్య ఎండ కాసిన రోజు బయటికి తీసి మళ్ళీ ఆరబెట్టేవారు. తినేటప్పుడు నిప్పుల మీద కాల్చి, రోట్లో దంచి, జావలో నంజుకునేవారు. గోంగూరలో, చింతచిగురులో, వెదురు కొమ్ముల కూరలో వేసి ఉడికించేవారు. పోడు పనికి పోయేవాడి మూటలో రెండు పోగులు ఉంటే ఆ పూట గడిచిపోయేది.

ఉప్పు కథ

ఎండ మనది, పొగ మనది. ఉప్పు మాత్రం మనది కాదు.

అడవిలో ఉప్పు పండదు. సముద్రం ఒడ్డున మళ్ళలో పండిన ఉప్పు ఎడ్ల మీద, పడవల మీద, కావళ్ళ మీద మన కొండలకు వచ్చేది. తెచ్చిన షావుకారు చెప్పిందే ధర. చింతపండు, కరక్కాయ, తేనె, కుంకుడుకాయ ఇచ్చి ఉప్పు తెచ్చుకునేవారు. ఎంతకు ఎంత అన్నది కొలపాత్ర పట్టుకున్నవాడి ఇష్టం. దానికి తోడు 1805లో మద్రాసు రాజ్యంలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం మొదలైంది. ఆ తర్వాత తెల్ల ప్రభుత్వం వేసిన ఉప్పు పన్ను దేశంలో పేదవాడిని కూడా వదలలేదు. 1930లో గాంధీ దండి యాత్ర ఆ పన్ను మీదనే. పన్ను పూర్తిగా పోయింది 1947లో.

ఈ చరిత్ర మన ఒరుగు రుచిలో కూడా ఉంది. ఉప్పు కరువైన ఇళ్ళలో ఒరుగులు తక్కువ ఉప్పుతో, ఎక్కువ పొగతో తయారయ్యేవి. అందుకే కొండమీది గూడేల ఒరుగు నల్లగా, పొగ వాసనతో ఉంటుంది. సంతకు దగ్గరి గూడేల ఒరుగు ఉప్పగా ఉంటుంది. హాస్టల్లో పిల్లలు ముక్కు మూసుకున్నది ఆ పొగ వాసనకే. ఉప్పు అందని చోట మన వాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం ఆ వాసన.

స్వాతంత్ర్యం వచ్చాక షావుకార్ల దోపిడీ ఆపాలని 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. మనం సేకరించిన అటవీ ఫలసాయం కొని, మనకు కావాల్సిన సరుకులు డిపోల్లో అమ్మడం దాని పని. డిపో నుంచి ఉప్పు తెచ్చుకున్న రోజులు మా నాయనలకు బాగా గుర్తు.

అడవి చేయి దాటింది

ఉప్పు అందుబాటులోకి వచ్చేసరికి అడవి చేయి దాటిపోయింది. ఇది మీరు జాగ్రత్తగా చదవాల్సిన భాగం.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అని గీత గీసి, గీత లోపల పోడు, మేత, కట్టె, వేట అన్నిటికీ అనుమతి కావాలన్నారు. గోదావరికి ఈ ఒడ్డున భద్రాచలం వైపు మద్రాసు పాలన, ఆ ఒడ్డున పాల్వంచ వైపు నైజాం పాలన. రెండు ఒడ్డులా అటవీ ఆంక్షలు బిగిశాయి. అంతకు ముందే 1879లో కల్లు మీద పన్ను, మన్సబుదారు పీడన భరించలేక రంపలో ఫితూరీ లేచింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజుతో కలిసి నడిచింది మన్యం జనమే. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి వాళ్ళను అటు నడిపించాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగింది అడవి మీద, భూమి మీద హక్కు అడిగినందుకే. ఈ పోరాటాలను మనం తుపాకులు, బాణాల కథగానే చెప్పుకుంటాం. వాటి వెనక ఖాళీ అయిన అటకలు కూడా ఉన్నాయి.

ఆ కాలంలోనే దొరలు సరదాకు వేటాడేవారు. పులి తల, దున్న కొమ్ములు గోడకు తగిలించుకునేవారు. వాళ్ళది షికారు అయింది, మన వాళ్ళది దొంగవేట అయింది. పాపికొండలకు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరులోనే అడవిదున్న ఉంది. హైమెండార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద అచ్చువేసిన పుస్తకం పేరు కూడా 'అడవిదున్నల కొండల రెడ్లు' అనే అర్థం వచ్చేదే. అంత పేరున్న అడవిదున్న ఇప్పుడు ఎంతమంది యువకులకు కనబడింది?

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట నేరమైంది. చట్టం రక్షించే జంతువు మాంసం ఎండుదైనా సరే, దగ్గర పెట్టుకున్నా నేరమే. 2006 అటవీ హక్కుల చట్టం మనకు చాలా హక్కులు గుర్తించింది. సంప్రదాయ వేటను మాత్రం ఆ హక్కుల్లోంచి స్పష్టంగా తీసేసింది. ఈ విషయం మీకు ఎవరూ సరిగ్గా చెప్పకపోవచ్చు, అందుకే రాస్తున్నాం. పండుగ పేరు చెప్పి అడవి పందిని కొట్టి కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ళను మేము చూశాం. చదువు ఆగిపోయింది, ఉద్యోగం దరఖాస్తు ఆగిపోయింది. పాత వేట మళ్ళీ రాదు. చట్టం సంగతి అటుంచితే, అడవిలో అంత జంతువు కూడా లేదు.

మన ఒక్కరి మీదే ఇలా జరగలేదు. పైన పెమ్మికన్ గురించి చెప్పాం కదా. 1814 జనవరిలో కెనడా రెడ్ రివర్ ప్రాంతపు గవర్నర్ మైల్స్ మాక్‌డోనెల్ ఆ ప్రాంతం నుంచి పెమ్మికన్ బయటికి పంపకూడదని ఉత్తర్వు వేశాడు. దాన్ని తయారుచేసి అమ్మి బతికే మేటిస్ జనం తిరగబడ్డారు. 1816లో సెవెన్ ఓక్స్ దగ్గర రక్తం చిందింది. ఆ శతాబ్దం చివరికి వచ్చేసరికి ఆ మైదానాల్లో దున్నల మందలే దాదాపు మాయమయ్యాయి. ఒక జాతి తిండి నిల్వ ఎవరి చేతిలో ఉందో, ఆ జాతి బతుకు కూడా వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

ఇప్పుడు మన దగ్గర మరో మార్పు జరుగుతోంది. పోలవరం ముంపు కింద మన గూడేలు ఎన్నో ఖాళీ అవుతున్నాయి. కాలనీల్లో సిమెంటు ఇళ్ళు వస్తున్నాయి. గ్యాస్ పొయ్యి వచ్చింది, మన ఆడవాళ్ళ కళ్ళకూ ఊపిరితిత్తులకూ అది మంచిదే. కానీ ఆ ఇంట్లో అటక లేదు, పొగ లేదు, దండెం కట్టడానికి వెదురు దూలం లేదు. ఒరుగు చేయడం తెలిసిన అవ్వ ఆ ఇంట్లో గోడకు ఆనుకుని ఊరికే కూర్చుని ఉంటుంది. మేము అడగడానికి వెళ్ళినప్పుడు ఒక అవ్వ, "ఇక్కడ ఎక్కడ వేలాడదీయను?" అని మమ్మల్నే తిరిగి అడిగింది.

మిగిలింది ఏమిటి?

వేట పోయింది. ఆ చేతిపని పోనక్కరలేదు. మేకలు మన దగ్గర ఉన్నాయి, కోళ్ళు ఉన్నాయి, చెరువుల్లో చేపలున్నాయి. 2006 చట్టం మూడో సెక్షన్‌లో చేపల మీద, నీటి వనరుల ఉత్పత్తుల మీద సముదాయ హక్కు ఉంది. ఇది చాలామందికి తెలియదు. గ్రామసభలో అడగండి.

ఇంట్లో చేసుకోవడానికి కొలతలు ఇవి. కొవ్వు తీసిన మేక మాంసం ఒక కిలో. నారల వెంట చిటికెన వేలు మందాన పోగులు కోయండి. కళ్ళుప్పు 40 నుంచి 50 గ్రాములు, పసుపు ఒక చెంచా, కారం రెండు చెంచాలు తీసుకోండి. ఉప్పు, పసుపు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచండి. పొద్దున ఒక గిన్నెలో నీళ్ళు తెర్లబెట్టి, పోగులను అయిదు నిమిషాలు అందులో ఉంచి తీయండి. ఇది అవ్వల పద్ధతిలో లేదు, మేము చేర్చింది. ఎండ ఒక్కటే కొన్ని క్రిములను చంపలేదు, లోపలి దాకా వేడి తగలాలి. తడి ఆరాక కారం పట్టించి, దారానికి గుచ్చి, డాబా మీద దోమతెర లోపల వేలాడదీయండి. రాత్రి లోపలికి తీయండి. మబ్బు పట్టిన రోజున మొదలుపెట్టకండి. కోడి మాంసమైతే ముందే పూర్తిగా ఉడికించి ఆ తర్వాతే ఎండబెట్టండి.

ఎండిన ఒరుగులను గాజు సీసాలో పెట్టండి. రెండు నెలల్లో తినేయండి, అంతకంటే ఎక్కువ కాలం ఉంచాలంటే ఫ్రిజ్‌లో పెట్టండి. బూజు కనిపిస్తే తుడిచి తినకండి, పారేయండి. తినేటప్పుడు కొంచెం నూనెలో సన్నమంట మీద వేయించి కరివేపాకు వేస్తే చిరుతిండి. నానబెట్టి గోంగూరతో వండితే కూర. వెల్లుల్లితో దంచితే పొడి.

చేపలైతే చిన్నవి తీసుకుని, పేగులు తీసి, కడిగి, ఉప్పు పట్టించి వెదురు తడక మీద ఆరబెట్టండి. నేల మీద, ఇసుక మీద వేయకండి.

ఒక మాట గట్టిగా చెబుతున్నాం. జబ్బు చేసి చచ్చిన పశువు మాంసాన్ని, కారణం తెలియకుండా పడిపోయిన మేక మాంసాన్ని ముట్టకండి, ఎండబెట్టకండి, చుట్టాలకు పంచకండి. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, విశాఖ మన్యంలో చాలాసార్లు వచ్చింది. ఆ క్రిమి గింజలా మారి ఎండకూ వేడికీ తట్టుకుని ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఒరుగు చేస్తే పోదు. కోసినవాడి చేతికే ముందు పుండు వస్తుంది. పశువు చనిపోతే పశువైద్యుడికి చెప్పి, లోతుగా పాతిపెట్టండి. పంచుకోవడం మన ఆచారం, రోగాన్ని పంచడం కాదు.

మీకు అప్పగిస్తున్న పని

ఆగస్టు 9న మనం డోలు కొడతాం, కొమ్ముబూర ఊదుతాం, రేలా ఆడతాం. అది కావాలి. దానితో పాటు ఈ ఏడాది మీలో ప్రతి ఒక్కరూ ఒక పని చేయండి. మీ ఇంట్లో గానీ, మీ గూడెంలో గానీ ఉన్న ఒక అవ్వ దగ్గర కూర్చోండి. ఫోన్ రికార్డర్ ఆన్ చేయండి. మీ వాళ్ళు ఎండు మాంసాన్ని మన భాషలో ఏమంటారో ఆ మాట ఆమె నోటి నుంచే పలికించండి. ఏ కర్ర, ఏ నెల, ఎన్ని రోజులు, మొదటి పోగు ఎవరికి పెట్టేవారు, ఇవన్నీ అడగండి. గూడెం గూడెంకూ తేడా ఉంటుంది, ఆ తేడాలే మనకు కావాలి. రాసి సంఘానికి పంపండి. వచ్చే సంచికలో మీ అవ్వల పేర్ల కిందే, వాళ్ళు ఒప్పుకుంటే, వేద్దాం.

ఆ తర్వాత ఒకసారి చేసి చూడండి. మొదటిసారి చెడిపోతుంది, మాకూ చెడిపోయింది. మందంగా కోశాం, లోపల తడి ఉండిపోయి వాసన వచ్చింది. అవ్వ చూసి నవ్వి, "చదువుకున్నవాళ్ళు కదా" అంది. కత్తి మా చేతిలోంచి తీసుకుని, నారల వెంట ఎలా కోయాలో మళ్ళీ చూపించింది.

హాస్టల్‌కు పోయే తమ్ముడూ, చెల్లీ, ఈసారి అమ్మ మూట కట్టి ఇస్తే పారేయకండి. మూట విప్పి, పక్క మంచం వాళ్ళకు కూడా ఒక పోగు ఇవ్వండి. ఎలా చేస్తారని అడిగితే చెప్పండి. ఇక్కడ రాసిందంతా మీకు తెలుసు కదా.

జోహార్.